మడ అడవుల సంఘములు – కొనుగోళ్ళు, ఒప్పందములు

గోదావరి సముద్రములో కలియుచోట, కాకినాడకు దక్షిణమున కోరంగి మడ అడవి కలదు. 1978లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు ఇచట పెరుగును. 1996 నవంబరు 6న తూర్పుగోదావరి తీరమును కొట్టిన తుఫాను ఎరిగినవారికి ఒడ్డునగల అడవి విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

చెట్లు పోయినచోట నేల పల్లమగును. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోజాలక నిలిచి, ఎండకు ఆవిరియై ఉప్పు మిగులును. ఆ చవుటిలో మొక్క బ్రతుకదు. డాక్టరు ఎం. ఎస్. స్వామినాథన్ 1988లో చెన్నైలో స్థాపించిన పరిశోధనా సంస్థ లాభాపేక్ష లేనిది. అది అటవీశాఖతోను, గ్రామస్థులతోను కలిసి గోదావరి మడలలో ఇట్టి నేలలను బాగుచేసినది. పద్ధతి సులభమే. ఏటిపాయనుండి ఒక పెద్ద కాలువను, దానికి ఇరుప్రక్కల చేపముల్లువలె ఏటవాలుగ పిల్లకాలువలను త్రవ్వుదురు. ఆటుపోట్లకు నీరు వచ్చిపోవుచు ఉప్పును కడిగివేయును. తరువాత మొక్కలు నాటుదురు.

ఈ పని చేయు గ్రామ సంఘములు మొక్కల సంగతి బాగుగనే ఎరుగును. పని చెడునది తరచుగా కాగితము దగ్గర. సంఘము చేతిలోనున్న సొమ్ము దాతలదో, ప్రభుత్వముదో అయి ఉండును. కావున ఈ క్రింది విషయములు గమనించుడు.

అనుమతి: ఇది అభయారణ్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇచట వర్తించును. అటవీశాఖ వ్రాతపూర్వక అనుమతి చేతికి రానిదే ఎవరికిని బయానా ఇయ్యకుడు.

కొలతలు: “కాలువ త్రవ్వవలెను” అని మాత్రము వ్రాసిన ఒప్పందము ఒప్పందము కాదు. పొడవు, పైవెడల్పు, అడుగువెడల్పు, లోతు వ్రాయవలెను. ఉదాహరణకు పొడవు 100 మీటర్లు, పైవెడల్పు 3, అడుగువెడల్పు 1, లోతు 1 మీటరు అనుకొనుడు. సగటు వెడల్పు 2 మీటర్లు. మట్టి 200 ఘనపు మీటర్లు. వెడల్పులు అంతే ఉంచి లోతు ముప్పాతిక మీటరు మాత్రమే త్రవ్విన మట్టి 150 ఘనపు మీటర్లే. పైనుండి చూచువానికి రెండును ఒకే కాలువగ కనిపించును. మొత్తము మీద ధర కుదుర్చుకొన్నచో నాలుగవవంతు సొమ్ము నష్టము. నీరు చివరకు పారకున్న ఆ ఏటి నాటు కూడ నష్టమే. లోతుకు సాక్ష్యముగా అక్కడక్కడ మట్టిదిమ్మెలు త్రవ్వకుండ నిలుపుమని ఒప్పందములోనే వ్రాయుడు. త్రవ్విన మట్టిని ఎచట వేయవలెనో కూడ చెప్పవలెను. గట్టుగా పోసిన మట్టి నీటికి అడ్డుపడును.

ధరలు: కనీసము ముగ్గురివద్ద ఒకే కొలతలకు వ్రాతమూలముగా ధరలు తీసికొనుడు. కవర్లను సభ్యులందరి యెదుట విప్పి, తీర్మానము వ్రాయుడు. తక్కువ ధరను కాదని మరియొకరికి పని ఇచ్చినచో కారణము పుస్తకములో ఉండవలెను. అధ్యక్షుని బావమరిదియే ధర వేసినచో ఆ దినము అధ్యక్షుడు సభలో కూర్చుండరాదు. అతడు నీతిపరుడే కావచ్చును. కాని ఊరికి అనుమానము కలిగిన పిదప అడవికి కాపలాదారులు మిగులరు.

కాలము: డెల్టాలో కాలువలు కట్టివేసిన దినములలోనే మరమ్మతులు ముగియవలెనని మీరెరుగుదురు. ఇచటను అంతే. త్రవ్వకము వేసవిలో ముగిసిననే వర్షములకు ఉప్పు కడుగబడును. గడువు తేదీని, దాటినచో తగ్గింపును ముందుగనే వ్రాయుడు.

చెల్లింపు: పని జరిగిన కొలది, కొలతల పుస్తకములో ఎక్కించి సొమ్ము ఇయ్యుడు. కొలత తెలిసిన గ్రామోద్యోగి ఒకరు సంతకము చేయుట మంచిది. చివరి వాయిదాను అమావాస్య లేక పున్నమి పోటువరకు నిలుపుడు. ఆనాడు ప్రతి పిల్లకాలువ కొసకు నీరెక్కి, పాటుకు తిరిగి పోవలెను. ఈ పరీక్షకు యంత్రము అక్కరలేదు. వేటకుపోవు ఏ మత్స్యకారుడైనను చెప్పగలడు.

మొక్కలు, పూడిక: మొక్కలు అప్పగించిన దినముననే సొమ్మంతయు ఇచ్చినచో అమ్మినవానికి వాని బ్రతుకుతో పనియుండదు. కొంత భాగమును ఒక ఋతువు గడచి, బ్రతికినవానిని లెక్కించిన పిమ్మట ఇయ్యుడు. ఆటుపోట్లతో వచ్చు ఒండ్రు కాలువలను పూడ్చును. కావున మరుసటి సంవత్సరపు పూడికతీత ఖర్చును మొదటి లెక్కలోనే చేర్చుడు. దీనిని మరచినచో మంచి కాలువయు మూతపడి, నేల మరల చవుడగును.

బిల్లులు, కూలి పట్టీలు, తీర్మానములు ఒకేచోట భద్రపరచి, సంవత్సరమున కొకసారి గ్రామసభలో చదివి వినిపించుడు. అక్షరము రాని కూలికి కూడ తాను త్రవ్విన కాలువకు ఎంత ఖర్చయినదో తెలియవలెను. అట్లు తెలిసిన ఊరిలో రేపు మడచెట్టుపై గొడ్డలి పడినచో అడ్డుపడుటకు పదిమంది ముందుకు వత్తురు.