వెలుగుతో కొట్టుకునే గుండె

బొగ్గుబావి దిగే గోదావరిఖనిలో వెలుగు విలువ మనకు తెలుసు. అదే వెలుగుతో గుండెను నడపవచ్చా?

గుండెలో అల్లాహ్ అమర్చిన సహజ విద్యుత్ కేంద్రం మందగిస్తే, డాక్టర్లు పేస్‌మేకర్ పెట్టి కరెంటు అందిస్తారు. కరెంటు బదులు కాంతిని శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు. ఒక రకం పచ్చని నాచులో వెలుగు పడగానే తలుపులా తెరుచుకునే ప్రొటీన్ ఉంది. దాని జన్యువును గుండె కణాల్లో చేర్చితే, నీలికాంతి పడినప్పుడల్లా సోడియం లోపలికి వచ్చి కణం ముడుచుకుంటుంది. 2010లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల గుండెను ఇలా నడిపించి చూపారు.

అయితే నీలికాంతి కండరంలో లోతుకు పోదు. ఇది ఇంకా రోగులకు వైద్యంగా రాలేదు. నాడి బాగా నెమ్మదించినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఈసీజీ తీయించాలి. ఈ రోజుకు ఆధారం పేస్‌మేకరే. అది కొనలేని పేదలకు మీ జకాత్ చేరాలని మేము కోరుతున్నాము.