‘దిగువ స్థాయిలో కొనుగోళ్ల మద్దతు’: సత్యం షేరు పతనం ఆధారంగా ఒక పరిశీలన

తెలుగు దినపత్రికల వాణిజ్య పుటల్లో ‘షేరుకు దిగువ స్థాయిలో కొనుగోళ్ల మద్దతు లభించింది’ అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. వ్యాకరణరీత్యా ఇందులో కర్త ‘మద్దతు’. కొన్నవారెవరో వాక్యం చెప్పదు. కొన్నన్ని షేర్లనూ అదే సమయంలో మరెవరో అమ్మారన్న సంగతి కూడా చెప్పదు. చదువరి మాత్రం ‘పెద్ద సంస్థలు మళ్లీ కొంటున్నాయి, కాబట్టి పతనం ముగిసింది’ అని గ్రహిస్తాడు. ఈ గ్రహింపు ఎంతవరకు సమంజసమో సత్యం కంప్యూటర్స్ ఉదంతం ద్వారా పరిశీలించవచ్చు.

ముందుగా పరిభాష. మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు, పింఛను నిధులు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు సంస్థాగత మదుపరుల కిందికి వస్తారు. వారు పెట్టేది ప్రధానంగా ఇతరుల సొమ్ము. కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనడం (బైబ్యాక్) వేరు, పడుతున్న షేరులోకి ఇలాంటి మదుపరులు తిరిగి రావడం వేరు. రెండింటికీ ‘తిరిగి కొనుగోలు’ అనే మాటే వాడటం గందరగోళానికి దారి తీస్తుంది.

2008 డిసెంబరు 16న హైదరాబాదుకు చెందిన సత్యం, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొంటామని ప్రకటించి, మదుపరుల ఆగ్రహంతో గంటల్లోనే విరమించుకుంది. మరునాడు షేరు సుమారు 30 శాతం పడి 158 రూపాయల దరికి చేరింది. తర్వాత మరింత తగ్గి, మళ్లీ కోలుకుని, జనవరి 6 నాటికి 179 దాకా ఎగబాకింది. ‘మద్దతు’ అనే మాటకు ఇంతకంటే చక్కని ఉదాహరణ ఉండదు. ఆ మరుసటి రోజే, 2009 జనవరి 7న, లెక్కల్లో వేల కోట్ల మోసం జరిగిందని రామలింగరాజు లేఖ రాశారు. ఆనాడు షేరు 40 రూపాయల లోపున ముగిసింది. దిగువ స్థాయి అనుకున్నది దిగువ కాదు. ధరను చౌక అని తేల్చిన లెక్కలే అబద్ధాలు.

ఆసక్తికరమైన అంశం ఆ తర్వాతి ఘట్టం. మోసం బయటపడేనాటికే సుమారు 4 శాతం వాటా కలిగిన ఎల్ అండ్ టీ, జనవరిలోనే దానిని దాదాపు 12 శాతానికి పెంచుకుంది. నిజానికి ఎల్ అండ్ టీ సంస్థాగత మదుపరి కాదు, పారిశ్రామిక సంస్థ. ఈ తేడా ముఖ్యమైనది. ఫండు ధర పెరుగుదల కోసం కొంటుంది. ఇక్కడ కంపెనీ యాజమాన్యమే పందెం. నాటి నిబంధనల ప్రకారం ఓపెన్ ఆఫర్ తప్పనిసరయ్యే 15 శాతం పరిమితికి లోపలే ఆ వాటా ఆగిందన్నది గమనార్హం. ఏప్రిల్ 13న జరిగిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45.90 రూపాయలు కోట్ చేశాయి.

సగటు లెక్క కూడా ఇందులో ఉంది. 170 చొప్పున 100 షేర్లు కొన్నవారు 35 చొప్పున మరో 200 కొంటే సగటు ధర 80కి దిగుతుంది. (ఈ అంకెలు కేవలం ఊహాత్మకం.) పెద్ద సంస్థకు ఇది సాధ్యమైన ఎత్తుగడ, ఎదురుచూడగల ఓపిక, వేలంలో పాల్గొనే స్తోమత దానికున్నాయి. ఉన్న పొదుపంతా 170 దగ్గరే పెట్టినవారికి రెండో విడత డబ్బు ఎక్కడిది?

అమ్మేవారి పక్షం కూడా చూడాలి. ఆ జనవరిలోనే సత్యాన్ని సెన్సెక్స్, నిఫ్టీ సూచీల నుంచి తొలగించారు. సూచీని అనుసరించే ఫండ్లు ఆ షేరుపై తమ అభిప్రాయంతో నిమిత్తం లేకుండా అమ్మక తప్పదు. తాకట్టు షేర్లు చేతిలో ఉన్న రుణదాతలూ అంతే. అలాంటి అమ్మకాలను తట్టుకునే కొనుగోలు ధరను కొంతసేపు నిలపగలదే తప్ప కంపెనీ స్థితిని గురించి ఏమీ చెప్పలేదు.

కర్తను తెలుసుకునే మార్గం లేకపోలేదు. మొత్తం షేర్లలో 0.5 శాతానికి మించిన బల్క్ డీల్స్‌లో కొన్నవారి, అమ్మినవారి పేర్లను ఎక్స్ఛేంజీలు ఆనాటి సాయంత్రమే ప్రకటిస్తాయి. ఒక శాతం దాటిన వాటాదారుల పేర్లు త్రైమాసిక నివేదికలో ఉంటాయి. ‘ఫలానా బీమా సంస్థ, ఫలానా ఫండు నుంచి, ఇంత ధరకు ఇన్ని షేర్లు కొన్నది’ అని రాయడానికి తెలుగు వాక్యంలో అడ్డంకేమీ లేదు.