పొగ తెర వెనుక దాగిన ఎండ

దక్షిణపు గాలి వీచితే వడగాడ్పు తప్పదని పోల్చుకునే జనంతో ప్రభువు మాట్లాడిన సంగతి లూకా సువార్త 12వ అధ్యాయంలో చదువుతాము. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పొలాల్లో పత్తి, మిరప పండించే మన కుటుంబాలకూ ఆ లెక్క తెలుసు. అయితే అసలు ఎండలో కొంత మనకు తగలకుండా ఒక తెర దాస్తున్నదని ఎందరికి తెలుసు?

ఆ తెర పొగే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో గాని, మరెక్కడైనా గాని బొగ్గు కాలితే గంధకపు వాయువు పైకి పోతుంది. అది కంటికి ఆనని సన్నని కణాలుగా మారి, సూర్యకాంతిలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఆకుల మీద పడే ముతక దుమ్ము వేరు, అది దగ్గర్లోనే రాలిపోతుంది. ఈ కణాలు వందల మైళ్లు పోతాయి. వాటి బలమెంతో 1991లో తెలిసింది. ఆ ఏడు ఫిలిప్పీన్స్‌లో పినతుబో అగ్నిపర్వతం గంధకాన్ని ఎగజిమ్మితే, మరుసటి సంవత్సరం భూమి సుమారు అర డిగ్రీ చల్లబడింది. 1999లో వీరభద్రన్ రామనాథన్, తోటి శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రం మీద పరిశోధించి, మన ఉపఖండం నుండి అక్కడి వరకు కమ్మిన గోధుమరంగు పొగను లోకానికి చూపించారు. ఇటువంటి కణాలు దాచిన వేడి సుమారు అర డిగ్రీ ఉంటుందని 2021లో ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల బృందం అంచనా వేసింది. అంత దాచినా భూమి అప్పటికే 1.1 డిగ్రీలు వేడెక్కింది.

"అయితే పొగ మంచిదే కదా అన్నయ్యా?" అని అడిగేవారుంటారు. కాదు. ఆ కణాలే ఊపిరితిత్తుల్లోకి దిగి దగ్గు, ఆయాసం, గుండెజబ్బు తెస్తాయి. పైగా వంటపొయ్యి నల్లమసి నీడ కూడా ఇవ్వదు. ఎండను తాగి గాలిని ఇంకా వేడిచేస్తుంది.

అసలు చిక్కు మరొకటి. గంధకపు కణాలు వారం పది రోజుల్లో వానతో దిగిపోతాయి. అదే బొగ్గు వదిలిన బొగ్గుపులుసు వాయువు వందల ఏండ్లు నిలుస్తుంది. అంటే నీడ అరువు, వేడి మాత్రం ఆస్తి! 2020 నుండి ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుండి 0.5 శాతానికి తగ్గించారు. సముద్రాల మీద ఆ తెర పలుచబడింది. పిల్లల ఊపిరి కోసం మన దగ్గరా పొగ తగ్గవలసిందే. తగ్గిననాడు దాగిన ఎండ బయటపడుతుంది. బొగ్గు వాడకమే తగ్గితే తప్ప ఆ వేడి పెరగడం ఆగదు.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు మరణించారు. కాబట్టి మే నెల ఉజ్జీవ కూటాలను, పిల్లల బైబిలు తరగతులను పొద్దున్నే ముగించడం, మందిరం ఆవరణలో వేపమొక్కలు నాటడం, మిరపకోతకు వెళ్లే అక్కచెల్లెళ్లను మధ్యాహ్నం పనికి పంపకపోవడం సంఘ పెద్దలు ఈ వేసవిలోపే మాట్లాడుకోవాలి.