ఎడమచేతికి ఒక ఛానల్, కుడిచేతికి ఒక ఛానల్

కీబోర్డు మీద కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు తరచూ కోరుకునే అమరిక ఒకటుంది. ఎడమచేత్తో షడ్జ పంచమాలను శ్రుతిలా నిలిపి ఉంచాలి, కుడిచేత్తో వేణునాదంలో రాగం పలికించాలి. ఆ రెండు నాదాలూ పక్కన పెట్టుకున్న రెండు సౌండ్ మాడ్యూళ్లలోంచి రావాలి. కీబోర్డును ఒకచోట స్ప్లిట్ చేసి కీలను రెండు భాగాలుగా పంచడం తేలికే. కీలు కానివాటిని, అంటే స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్‌నూ స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రాన్నీ, పంచడమే చిక్కు.

కీబోర్డునూ మాడ్యూళ్లనూ కలిపే మిడి తీగలో శబ్దం ప్రవహించదు, అంకెలు మాత్రమే ప్రవహిస్తాయి. ఒకటో శ్రుతి మధ్యస్థాయి షడ్జం నొక్కితే 144, 60, 100 అనే మూడంకెలు వెళ్లాయనుకోండి. 144 అంటే ‘ఒకటో ఛానల్‌లో స్వరం మొదలుపెట్టు’, 60 అంటే ఏ స్వరమో, 100 అంటే కీని ఎంత వేగంగా నొక్కారో. అదే స్వరాన్ని రెండో ఛానల్‌కు పంపాలంటే మొదటి అంకె 145 అయితే చాలు. ఇలా 159 దాకా మొత్తం 16 ఛానళ్లు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కాకెహాషి చొరవతో 1983లో వెలువడిన ఈ మిడి ఒప్పందం వల్లే ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ వాద్యాన్ని పలికించగలుగుతోంది. పోటీ కంపెనీలు కలిసి కూర్చుని కుదుర్చుకున్న ఇంత మంచి ఒప్పందాలు సంగీత ప్రపంచంలో అరుదు.

తీగల అమరిక సులువు. కీబోర్డు అవుట్‌లోంచి మొదటి మాడ్యూల్ ఇన్‌లోకి ఒక తీగ, దాని త్రూలోంచి రెండోదాని ఇన్‌లోకి మరో తీగ. అన్ని అంకెలూ రెండింటికీ చేరతాయి, దేని ఛానల్ అంకెలు అది తీసుకుని మిగతావి వదిలేస్తుంది. స్ప్లిట్‌ను 60 దగ్గర పెట్టి, ఆ కీ నుంచి పైవన్నీ ఒకటో ఛానల్‌కు, 59 నుంచి కిందివన్నీ రెండో ఛానల్‌కు అప్పగించాలి. కీబోర్డు సొంత శబ్దం వద్దనుకుంటే ‘లోకల్ ఆఫ్’ చేయాలి.

ఇప్పుడు చక్రం సంగతి. కీకి స్థానం ఉంది కాబట్టి అది ఏ భాగానిదో కీబోర్డుకు తెలుస్తుంది. చక్రానికి అలాంటి స్థానం లేదు. పైగా పిచ్ బెండ్ ఒక స్వరానికి పరిమితం కాదు, ఛానల్‌లో మోగుతున్న స్వరాలన్నింటినీ కదిలిస్తుంది. 16,384 మెట్ల దాకా పంపగల ఆ చక్రంతో కుడిచేతి గాంధారానికి కంపిత గమకం ఇస్తున్నప్పుడు, అవే అంకెలు రెండో ఛానల్‌కు కూడా వెళ్తే కింద శ్రుతి కూడా ఊగిపోతుంది. ఆధార షడ్జమే ఊగుతుంటే గమకానికి అర్థమేముంది? పెడల్‌ది దీనికి తిరగబడిన కథ. దాని అంకెలు (ఒకటో ఛానల్‌లోనైతే 176, 64, 127) శ్రుతికి కావాలి. వేణువుకు కూడా వెళ్తే స్వరం మీద స్వరం నిలిచిపోయి రాగం అలుక్కుపోతుంది. అందుకే కీబోర్డు మెనూలో ప్రతి భాగానికీ విడివిడిగా చూసుకోవాలి: పై భాగానికి బెండ్ ఉండాలి, పెడల్ ఉండకూడదు. కింది భాగానికి పెడల్ ఉండాలి, బెండ్ ఉండకూడదు. మాడ్యూల్‌లో బెండ్ పరిధి ఎన్ని స్వరస్థానాలో కూడా చూడండి, సాధారణంగా రెండే ఉంటుంది.

వేగం గురించి బెంగ అక్కర్లేదు. పాత అయిదు పిన్నుల తీగలో సెకనుకు 31,250 బిట్లు వెళ్తాయి. మూడంకెల సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను. వరసగా ఒకే ఛానల్‌లో ఒకే రకం సందేశాలైతే మొదటి అంకెను మళ్లీ పంపకుండా ఆదా చేయవచ్చు. రెండు చేతులూ రెండు ఛానళ్లలో ఉన్నప్పుడు ఆ ఆదా కొంత పోతుంది, అయినా చెవికి తెలియదు.

శ్రుతి మోగుతుండగా స్ప్లిట్ స్థానం మార్చడం మాత్రం మంచిది కాదు. కొన్ని కీబోర్డుల్లో ‘ఆపు’ సందేశం వేరే ఛానల్‌కు పోయి స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అప్పుడు ‘పానిక్’ బటన్ ఉంటే నొక్కాలి.

కొన్ని చవక కీబోర్డులు లోపల స్ప్లిట్ చేసినా బయటికి మొత్తం ఒకే ఛానల్‌లో పంపుతాయి. అలాంటప్పుడు పంపకాన్ని మాడ్యూళ్లకే వదిలేయాలి. రెండింటినీ ఆ ఒక్క ఛానల్‌లోనే ఉంచి, శ్రుతి మాడ్యూల్‌కు 59 వరకు, వేణువు మాడ్యూల్‌కు 60 నుంచి కీల పరిధి నిర్ణయించాలి. చక్రం అంకెలు ఇప్పుడు రెండింటికీ చేరతాయి కనుక, శ్రుతి మోగే మాడ్యూల్‌లో బెండ్ పరిధిని సున్నా చేయాలి. వేణువు మాడ్యూల్‌లో పెడల్‌ను పట్టించుకోకుండా చేసే వీలుందేమో చూడాలి.