కిటికీ దగ్గర కాపలా: కుక్క మొరుగుడు వెనుక లెక్క

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్, జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీకి కేంద్రం. ఆ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో కుక్కలను పెంచుకునేవారున్నారు. ఇండియా నుంచి వచ్చి, సాయంత్రాలు కాలిబాట వెంట నడిచే తల్లిదండ్రులూ ఉన్నారు. వీధికుక్కల భయం ఎరిగిన పెద్దవారు ఏ కిటికీలోంచో హఠాత్తుగా వచ్చే అరుపుకు రెండుమూడుసార్లు ఉలిక్కిపడితే, నడకే మానుకోవచ్చు. ‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతను నమ్ముకోవడమూ మంచిది కాదు. భయంతో మొరిగే కుక్క తప్పించుకునే దారి లేనప్పుడు కరవవచ్చు.

మొరుగుడు అర్థంలేని రొద కాదు. 2005లో హంగరీకి చెందిన పీటర్ పోంగ్రాట్జ్ బృందం రికార్డు చేసిన మొరుగుళ్ళను మనుషులకు వినిపించింది. అవి ఏ సందర్భంలోనివో శ్రోతలు గుడ్డిగా ఊహించినదానికంటే మెరుగ్గా గుర్తించగలిగారు.

మరి దారినపోయేవారి మీద మొరగడం అలవాటుగా ఎందుకు స్థిరపడుతుంది? ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన పిల్లుల ప్రయోగాలలో దీనికి సమాధానముంది. సత్ఫలితమిచ్చిన చర్య మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. అపరిచితుడు కనబడ్డాడు, కుక్క మొరిగింది, అతడు వెళ్ళిపోయాడు. అతడు తన దారిన తాను పోయాడని మనకు తెలుసు. కుక్క లెక్కలో మాత్రం తానే తరిమేసింది! పార్సిళ్ళు తెచ్చే మనిషి ఈ పాఠాన్ని రోజూ వల్లె వేయిస్తాడు. మనస్తత్వశాస్త్రం దీనిని రుణాత్మక పునర్బలనం అంటుంది.

‘పట్టించుకోకపోతే అదే మానేస్తుంది’ అన్న సలహా ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే. బహుమతి యజమాని చేతిలో లేదు, బాటసారి నిష్క్రమణలో ఉంది. గద్దించినా ప్రయోజనం తక్కువ. విద్యుత్ షాకిచ్చే పట్టీ అయితే కొత్త మనిషికీ నొప్పికీ ముడిపెట్టి, భయాన్ని పెంచే ప్రమాదముంది. అమెరికా పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో వెలువరించిన ప్రకటన శిక్షలను తోసిపుచ్చి, బహుమతులతో నేర్పే పద్ధతులనే సిఫార్సు చేసింది.

చేయవలసిన పనులు రెండు. మొదటిది, అలవాటుకు అవకాశం తగ్గించడం. కిటికీ అద్దాల కింది భాగానికి మసక ఫిల్మ్ అతికించాలి, సోఫాను అక్కడినుంచి జరపాలి. రెండవది, బాటసారి అర్థాన్ని మార్చడం. మనిషి కనబడినా కుక్క మొరగనంత దూరాన్ని ముందు కనిపెట్టాలి. మనిషి కనబడిన వెంటనే చిన్న మాంసపు ముక్క ఇవ్వాలి, కనుమరుగవగానే ఆపాలి. ఈ వరుస తప్పకూడదు: ముందు మనిషి, తరువాత ముక్క. కొంతకాలానికి మనిషిని చూడగానే కుక్క యజమాని వైపు తిరుగుతుంది. అప్పుడు దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలి. మొరిగిందంటే తొందరపడ్డామని అర్థం. వెనక్కి జరిగితే చాలు. ఇందుకు రోజులు కాదు, వారాలు పడుతుంది.

ఒక హెచ్చరిక: మన వంటింటి కూరముక్కలు పనికిరావు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం మేలు.

ఈ సాధనలో ఇంటికి వచ్చిన పెద్దవారు కూడా, ఇష్టమైతే, పాలుపంచుకోవచ్చు. పట్టీతో కట్టిన కుక్కకు దూరంగా, దాని కళ్ళలోకి చూడకుండా, వారు మామూలుగా నడిచి వెళ్తే చాలు. కుక్క మౌనంగా చూసిన ప్రతిసారీ వారి భయమూ కొంత తగ్గుతుంది.