ఏ రాజధానిలో ఎంత చలి?



మన పల్నాడు ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. వేసవి వస్తే వార్తల్లో రెంటచింతల పేరు వినపడాల్సిందే. చలి అంటారా, ధనుర్మాసంలో ముగ్గు వేసేటప్పుడు భుజాన కప్పుకునే శాలువతో సరి.

మా ఎదురింటావిడ అబ్బాయి వైద్యం చదవడానికి కజకిస్తాన్ రాజధాని ఆస్తానా వెళుతున్నాడు. ఆవిడ అట్లాసు పట్టుకొచ్చి, "చూడండి వదినగారూ, లండనూ, ఆస్తానా ఒకే వరసలో వున్నాయి. లండన్లో మా అక్క కొడుకు ఒక్క కోటుతో గడుపుతున్నాడు. వీడికీ అదే చాలదూ?" అన్నది.

ఆవిడ చూసింది నిజమే. రెండూ 51వ అక్షాంశం మీదే వున్నాయి. కాని జనవరిలో లండన్ సగటు వేడిమి 5 డిగ్రీల దాపు. ఆస్తానాలో సున్నాకు దిగువన 14 డిగ్రీల దాపు! కొన్ని రాత్రులు 30 కంటే కిందికి దిగుతుంది.

ఎందుకింత తేడా? పొయ్యి మీంచి పెనాన్నీ, నీళ్ల కాగునూ ఒకేసారి దించండి. పెనం ఇట్టే చల్లారుతుంది. కాగులో నీళ్లు చాలాసేపు వెచ్చగా వుంటాయి. నేల పెనం లాంటిది, సముద్రం కాగు లాంటిది. అట్లాంటిక్ మీంచి వీచే పడమటి గాలులు ఆ వెచ్చదనాన్ని లండన్, పారిస్‌లకు మోసుకొస్తాయి. ఇంకా ఉత్తరాన, 64వ అక్షాంశం మీద వున్న ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో సైతం జనవరి సగటు సున్నాకు అటూ ఇటూ, అంతే. ఆస్తానాకు మహాసముద్రం బహుదూరం.

రాజధానులన్నిటిలోకీ చలిది మంగోలియా వారి ఉలాన్‌బాతర్. అది పారిస్ కంటే కాస్త దక్షిణానే వుంది. అయినా సముద్రం దూరం, 1,300 మీటర్ల ఎత్తు, పైగా బరువైన చలిగాలి వచ్చి నిలిచిపోయే లోయ. అందుకే జనవరి సగటు సున్నాకు దిగువన 20 దాటిపోతుంది.

కాబట్టి పిల్లల్ని పంపేటప్పుడు ఊరు ఎంత ఉత్తరాన వుందని మాత్రమే కాదు, సముద్రానికి ఎంత దూరమో కూడా చూడండి. ఒక్క మందపు కోటు కంటే రెండు మూడు పొరల బట్టలు మేలు. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనాన్ని కాపాడుతుంది. తడి మేజోళ్లతో తిరిగితే కాలివేళ్లు చచ్చుబడే ప్రమాదముంది. పెద్ద కోటూ, బూట్లూ అక్కడ కొనుక్కోవడం మంచిది. పచ్చళ్ల బరువు తగ్గించినా ఫర్వాలేదు, వాటికి డబ్బు విడిగా ఇచ్చి పంపండి.

మరొక్క మాట. ఢిల్లీలో బంధువులున్నవారు తప్పక చెప్పండి. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. అందులోంచి వచ్చే విషవాయువుకు వాసన వుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.