బల్బు దగ్గరికొచ్చిన పురుగుది ఏ ఊరు?

వానాకాలంలో బల్బు చుట్టూ తిరిగే వాటన్నిటినీ కలిపి దీపం పురుగులు అనేస్తాం. కానీ వాటిలో కొన్ని మన ఊరివి కావు. గాలితో పాటు దూరం నుంచి వచ్చినవి.

కత్తెర పురుగునే చూడండి. దాని సొంత చోటు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మక్క చేలల్లో దొరికింది. అదే ఏడాది తెలంగాణకీ వచ్చేసింది. గాలి కలిసొస్తే దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు దాటగలదు. మా తాతవాళ్లది ఉప్పునుంతల. అక్కడ మక్క వేసినవాళ్లకి ఇదేం జనరల్ నాలెడ్జ్ కాదు. లద్దె పురుగు సుడిలోకి దూరాక మందు కొట్టినా సరిగా తగలదు. తల్లి పురుగు ఎప్పుడొచ్చిందో ముందే తెలిస్తే, చేలో గుడ్ల కోసం ఆకులు తిప్పి చూడొచ్చు.

అందుకు పెరట్లో దీపపు ఎర పెట్టొచ్చు. ఒక బకెట్, దాని మీద గరాటు, పైన బల్బు, లోపల కోడిగుడ్ల అట్టలు. వెలుతురుకి వచ్చిన పురుగులు గరాటులోంచి జారి అట్టల సందుల్లో కూర్చుంటాయి. పొద్దున్నే లెక్కపెట్టి, ఫోటో తీసి, చెట్ల నీడలో వదిలేయాలి. మగ కత్తెర పురుగుకి ముందు రెక్క కొసన తెల్ల మచ్చ ఉంటుంది. ఆడదానికి అది స్పష్టంగా ఉండదు.

అసలు వెలుతురుకి ఎందుకొస్తాయి? 2024లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఎగిరే పురుగులు వీపుని వెలుతురు వైపు తిప్పుకుంటాయి. రాత్రి ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది కాబట్టి పైకీ కిందకీ తేడా అలా తెలుస్తుంది. పక్కన బల్బు ఉంటే ఆ లెక్క తప్పి, దాని చుట్టూనే తిరుగుతాయి. అంటే సెన్సర్ కరెక్టే, ఇన్‌పుట్ తప్పు!

నోట్‌బుక్‌లో తేదీ, చోటు, బల్బు రకం, వాన, గాలి, చంద్రుడు, ఎన్ని పురుగులు అన్నీ రాయాలి. పున్నమి రోజుల్లో ఎరకి తక్కువ పడతాయి, అంతమాత్రాన ఊళ్లో తగ్గినట్టు కాదు. ఒక్కటీ పడని రాత్రి కూడా రాయాల్సిందే. సున్నా వేరు, నల్ వేరు అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఒక్క బకెట్ చూసి ఈ పురుగు వలస వచ్చిందని చెప్పలేం. పక్క చేలోనే పుట్టి ఉండొచ్చు. కానీ నాలుగైదు ఊళ్లలో నిన్నటిదాకా సున్నా ఉండి, గాలి మారిన రాత్రి అన్నిచోట్లా ఒకేసారి పదులు పడితే, బయటినుంచి వచ్చాయని గట్టిగా అనుమానించొచ్చు. ఆ సున్నాలు రాయకపోతే ఆ పదులకి అర్థమే లేదు.

సెలవులకి ఊరెళ్తున్నారా? ఒక బకెట్ చాలు.